ఎవరూ ఎక్కించని ఎర్ర రేకు

1966 ఎండాకాలంలో బోధన్ దగ్గరి ఒక షక్కర్ గోదాములో నన్ను ఆడవాళ్ల తలాషీ పనికి పెట్టుకున్నారు. తలాషీ అంటే సోదా. లోపలికి పోయే ఆడవాళ్ల పాసు చూడాలి, బయటికి వచ్చేటప్పుడు కొంగు, మూట, సద్దిగిన్నె చూడాలి. అంతకు ముందు అదే గేటు మీద నా పెనిమిటి పోశెట్టి చౌకీదారు. విషజ్వరంతో పోయాడు. ఆయన కొలువు నాకు ఇవ్వలేదు గానీ, దాని కింద ఒక మెట్టు తాత్కాలికంగా ఇచ్చారు. రెండేళ్లు మచ్చ లేకుండా చేస్తే పర్మనెంట్ చేస్తామని సెక్యూరిటీ ఆఫీసర్ నోటిమాటగా చెప్పాడు. ఆ మాట పట్టుకునే నేను బతికాను.

నాకు చదువు లేదు. సంతకం, అంకెలు, గడియారం, ఈ మూడూ కొలువే నేర్పింది. అందుకే నేను నోటితో చెబుతున్నాను, మా చెల్లెలి మనవరాలు రాస్తోంది. ఆ గోదాము ఇప్పుడు లేదు. పేరుతో పనేమీ లేదు.

ముందు ఆ జాగా ఎట్లా ఉండేదో చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. రోడ్డు మీద ఒక గేటు. దాన్ని దాటితే రెండు వందల అడుగుల ఖాళీ వాకిలి. ఆ చివర ఇంకో గేటు. దాని లోపల షక్కర్ బస్తాలు, పక్కనే గోనె సంచులు కుట్టే షెడ్డు. షెడ్డులో ముప్పై మందికి పైగా ఆడవాళ్లు పనిచేసేవాళ్లు. బయటి గేటుకు జమాదారు రాజలింగం. లోపలి గేటుకు జమాదారు ఖాజా మియా. బయటి గేటు పక్కనే నా తలాషీ గది. ఆ గది వెనక ఒక ఇనుప కంబం, దానికి గిరక, తాడు.

ఆ కంబం మా ఆఫీసర్ పెట్టించింది. ఆయన పటాలంలో పనిచేసి వచ్చినవాడు. షక్కర్ కంట్రోలులో ఉన్న రోజులు అవి. బస్తా పోతే ఊరంతా వార్త. దొంగలు, గుంపులు, నిప్పు, అన్నిటికీ భయమే. గేటు మీద అందరికీ చదువు రాదు కాబట్టి ఆయన అపాయాన్ని మూడు రంగుల్లో పెట్టాడు. తెల్ల రేకు ఎగిరితే మామూలు రోజు, పోయేటప్పుడు మాత్రమే తలాషీ. పచ్చ రేకు, అంటే పసుపుపచ్చది, ఎగిరితే ఏదో అనుమానం ఉన్నట్టు. వచ్చేవాళ్లకూ పోయేవాళ్లకూ తలాషీ, లారీకి సగం గేటే తెరవాలి, గంట మూడు దెబ్బలు. ఎర్ర రేకు ఎగిరితే రెండు గేట్లకూ తాళం. గంట ఆగకుండా కొట్టాలి. లోపలివాళ్లు లోపల, బయటివాళ్లు బయట. ఎవరి జాగాలో వాళ్లు నిలబడాలి, జాగా వదిలితే కొలువు పోతుంది. రాత్రి ఇవే మూడు రంగుల లాంతర్లు, పగలు రేకులు. రోజూ పొద్దున తెల్ల రేకు ఎత్తడం నా పని.

ఎక్కించడానికి ఎవరినీ అడగక్కర లేదు. ఊడ్చే మనిషి అయినా సరే, అనుమానం వస్తే ఎక్కించవచ్చు. దించడం మాత్రం ఆఫీసరో ఆయన అసిస్టెంటో చేయాలి. అదీ రిజిస్టరులో మూడు సంగతులు రాసిన తర్వాతే: ఎవరు ఎక్కించారు, ఏం చూసి ఎక్కించారు, చివరికి ఏం తేలింది. ఈ మూడూ నిండనిదే ఎర్ర రేకు దిగదు. ఆ రూలు మంచిదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. కానీ ఎవరూ ఎక్కించకుండా ఎర్ర రేకు ఎగిరితే ఏం చేయాలో ఆ రిజిస్టరులో లేదు.

మరుసటి ఏడు సద్దుల బతుకమ్మ నాడు అదే జరిగింది.

పండక్కి గోదాము మూసే ముందు ఎవరి పనిముట్లకు వాళ్లు పూజ చేసుకోవడం అక్కడి ఆనవాయితీ. తూకం కాడ కాంటాకు, షెడ్డులో సూదులకు, లారీలకు పసుపు కుంకుమ పెట్టేవాళ్లు. పోశెట్టి ఉన్నప్పుడు రేకులకు తలా ఒక బొట్టు పెట్టేవాడు. ఆయన పోయాక మొదటి దసరాకు ఎవరూ పెట్టలేదు. అది నా కడుపులో ఉండిపోయింది. రెండో ఏడు మా తమ్ముడు మోర్తాడ్ నుంచి కొత్త పసుపు తెచ్చాడు. ముండమోసినదాని ఇంట్లో పసుపు వంటకే గానీ బొట్టుకు కాదు కదా. నేను గుప్పెడు కొంగున కట్టుకుని, ఎవరూ రాకముందే తెల్లవారుజామున గోదాముకు పోయాను. పండుగని ముందురోజే గోడలకు సున్నం కొట్టారు. రేకులు మూడూ గదిలోనే ఉన్నాయి. లాంతరు వెలుతురులో తెల్ల రేకు మెరుస్తోంది, కొత్త రంగేసినట్టున్నారు అనుకున్నాను.

ఆయనైతే బొట్టు పెట్టేవాడు. నేను ఆడదాన్ని, ముందు తెల్ల రేకుకు రెండు వైపులా గడపకు పూసినట్టు నిండా పూశాను. పూజ పసుపు నా చేతికి అంటి రెండేళ్లు కావస్తోంది. చెయ్యి ఆగలేదు. దండం పెట్టుకున్నాక బుద్ధి వచ్చింది. తెల్ల రేకు పచ్చగా ఎగిరితే పచ్చ రేకే అవుతుంది, పైగా ఎవరు పూశారని అడుగుతారు. తడి బట్ట తీసుకుని రెండు వైపులా గట్టిగా తుడిచాను. పోయిందనే అనుకున్నాను. లాంతరు వెలుతురులో పసుపూ తెలుపూ ఎర్రదనమూ అన్నీ ఒకటే. రేకు కంబానికెత్తి, తాడు మేకుకు చుట్టి, తలాషీ బల్ల దగ్గర కూర్చున్నాను. మళ్లీ తలెత్తి చూడలేదు. రోజూ చేసే పనిని ఎవరు చూస్తారు?

ఏడింటికి ఆడవాళ్లు వచ్చారు. ఆ రోజు సగం పూట పని, పన్నెండుకు వదలాలి. అందరి నోటా బతుకమ్మ మాటే, గది వెనక కంబం వైపు ఎవరూ చూడలేదు. తంగేడు పువ్వు ఎక్కడ దొరికింది, గునుగు ఎవరు తెచ్చారు. సాయవ్వ అనే పిల్ల ఉండేది, చందూర్ నుంచి వచ్చిన కోడలు. మూడు నెలల బిడ్డను అత్త చేతికిచ్చి లోపలికి పోయేది. అత్త గేటు బయట రేకుల పందిరి కింద కూర్చునేది. పాలిచ్చే తల్లులు పొద్దున తొమ్మిదింటికి ఒకసారి గేటు దాకా వచ్చి బిడ్డకు పాలిచ్చి పోవచ్చు. అది ఆఫీసరే పెట్టిన వెసులుబాటు.

కంబం లోపలి గేటుకు తూర్పున ఉంది. పొద్దున పూట సూర్యుడు రేకు వెనక నుంచి వస్తాడు, ఖాజా మియాకు ఏ రేకైనా నల్లగానే కనిపిస్తుంది. పొద్దు పైకి వచ్చి, తొమ్మిది కాబోతుండగా ఆయన గంట ఆగకుండా కొట్టడం మొదలుపెట్టాడు. తాళం పడిన చప్పుడు నాకు వినిపించింది. బయటి గేటు రాజలింగం ఎప్పుడూ రోడ్డు వైపే చూస్తూ కూర్చుంటాడు. గంట విని వెనక్కి తిరిగి కంబం చూసి తనూ తాళం వేశాడు. నేను గది బయటికి వచ్చి తలెత్తాను. రేకు ఎర్రగా ఉంది. రాజలింగం నాకు చెప్పకుండా ఎప్పుడు ఎక్కించాడు అనుకున్నాను.

జాగా వదలకూడదు కాబట్టి జమాదార్లు ఇద్దరూ వాకిలికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు నిలబడి కేకలు వేసుకున్నారు.

"ఏం సూసినవ్ మియా?"

"నేనేం సూసిన? నువ్వు ఎక్కించినవ్, నేను గంట కొట్టిన!"

"నేనెక్కడ ఎక్కించిన? నీ గంట ఇని తాళమేసిన!"

"తౌబా! మరి ఎర్రది ఎవ్వరెక్కించిండ్రు, నీ తాతనా?"

ఇంకో రోజైతే నవ్వేదాన్ని. అప్పటికే సాయవ్వ లోపలి గేటు కమ్మీలు పట్టుకుని నిలబడింది. బయట పందిరి కింద బిడ్డ ఏడుపు మొదలైంది.

ఆఫీసర్ సెలవు మీద హైదరాబాదు పోయాడు. అసిస్టెంట్ గంగాధర్ సార్ సైకిలు మీద వచ్చేసరికి పది అయింది. రాజలింగం గేటులోని చిన్న తలుపు తీసి ఆయన్ని లోపలికి తెచ్చాడు. సార్ మంచివాడు, పుస్తకం మనిషి. రిజిస్టరు నా బల్ల మీద పరిచి వరసగా అడిగాడు. ఖాజా మియాను వాకిలి మధ్యకు పిలిపించి అడిగాడు. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చేయి చూపించారు. తర్వాత నన్నడిగాడు.

"లచ్చవ్వా, పొద్దుగాల ఏ రేకు ఎక్కించినవ్?"

"తెల్లదే సార్."

"ఒట్టు?"

"ఒట్టు సార్. నా చేతులతోటి ఎక్కించిన."

అది అబద్ధం కాదు, నాకు తెలిసినంత వరకు. కానీ ఆ ఒక్క మాటతో పని ముదిరింది. పొద్దున తెల్లది ఎగిరింది, తొమ్మిదికి ఎర్రది ఉంది, ముగ్గురిలో ఎవరూ మార్చలేదు. అంటే నాలుగో మనిషి ఎవడో లోపలికి వచ్చాడు. గంగాధర్ సార్ ముఖం మారిపోయింది. కారణం తేలని ఎర్ర రేకుకు రూలు ఏమంటుందో ఆయన చదివి వినిపించాడు. బస్తాలన్నీ లెక్కపెట్టాలి. లోపల ఉన్న ప్రతి మనిషి పేరూ రాసి ఠాణాకు పంపాలి. అప్పటిదాకా ఎవరూ కదలకూడదు. బస్తాలు లెక్కపెట్టడమంటే రేపటి దాకా పని.

లోపలి నుంచి ఆడవాళ్ల గొంతులు లేచాయి. "గంప కింద కోడిపిల్లల లెక్క మూసిండ్రు గదనే!" అని ఒకామె. "మా పేర్లు ఠాణాకు పంపుతరా? షక్కరేమన్న మా కొప్పుల పెట్టుకున్నమా?" అని ఇంకొకామె. సాయవ్వ రైక ముందు భాగం తడిసిపోయింది, దాని మీద కొంగు కప్పుకుని నిలబడింది. బయట అత్త గేటు కొడుతోంది. "ఓ రాజలింగం, నీకు పిల్లలు లేరా? పొల్ల గొంతు ఎండిపోతుంది!"

"నా చేతుల లేదు పెద్దవ్వా. రేకు దిగాలె," అన్నాడు రాజలింగం. అతని గొంతులోనూ బాధ ఉంది. కంబానికి దగ్గరగా ఉన్నది అతడు. ఠాణావాళ్లు వస్తే ముందు పట్టుకునేది అతన్నే.

సార్ నన్ను ఆడవాళ్ల పాసుల చిట్టా తెమ్మన్నాడు. గది లోపలికి పోయి మూలన మేకుకున్న సంచిలో చేయి పెట్టాను. సంచి పక్క మేకుకు ఎర్ర రేకు వేలాడుతోంది.

కొంచెం సేపు నాకు ఏమీ అర్థం కాలేదు. ఎర్ర రేకు ఇక్కడుంటే పైన ఎగిరేది ఏమిటి? కింద నేల చూశాను. తెల్ల రేకు నేను ఆనించి పూసిన చోట నేల మీద సున్నపు చుక్కలు. నేను తుడిచిన బట్ట బల్ల కింద ముద్దగా పడి ఉంది. తీసి విప్పాను. నెత్తురు తుడిచినట్టు ఉంది. కొత్త రంగు కాదది, గోడలకు కొట్టిన సున్నమే. రంగు పెచ్చులు లేచిందని సున్నం కొట్టిన మేస్త్రీ రేకుకు కూడా ఒక కుంచె తిప్పి ఉంటాడు. సున్నం మీద తడి పసుపు పడితే ఏమవుతుందో నాకు ఒకరు చెప్పాలా? పిల్లలకు దిష్టి తీసే ఎర్రనీళ్లు నేను వందసార్లు కలిపాను.

నిజం చెబుతున్నాను, ముందు నాకు వచ్చిన ఆలోచన మంచిది కాదు. ఆ ఎర్ర రేకును మేకు మీద నుంచి తీశాను. మూలన గోనె సంచుల కుప్ప ఉంది. దాని కిందికి తోస్తే చాలు. పైన ఎగిరేది ఎర్ర రేకే అవుతుంది, ఎక్కించింది నాలుగో మనిషి అవుతాడు. నా పర్మనెంటుకు ఇంకా ఆరు నెలలుంది. మచ్చ పడితే కొలువు లేదు, కొలువు లేకపోతే చెరుకు కోతకు పోవాలి. అంతకన్నా పెద్ద భయం ఇంకోటి. ముండమోసినదాన్ని తెల్లారకముందే దొంగచాటుగా పసుపు పూశానని అందరి ముందు చెప్పాలి. రేకు సగం సంచుల కిందికి పోయింది కూడా. బయట బిడ్డ ఏడుపు ఆగిపోయింది. ఏడిస్తే ఉన్న భయం కంటే ఏడుపు ఆగితే భయం ఎక్కువ. రేకు లాగి చంకలో పెట్టుకుని బయటికి వచ్చాను.

"సార్, నాలుగో మనిషి లేడు. ఎర్ర రేకు గిదో. పైన ఉన్నది తెల్లదే. నేనే ఎర్రగ చేసిన."

చెప్పవలసింది చెప్పాను. సార్ స్వయంగా తాడు విప్పి రేకు దించాడు. వేలితో గీరి, వేలు వాసన చూశాడు. "పారాణి లెక్కుంది," అన్నాడు.

రాజలింగానికి ప్రాణం లేచి వచ్చినట్టయింది. దాంతో పాటే నోరూ లేచింది. "ఓ లచ్చవ్వా! నీకు పసుపెందుకమ్మ? పోశెట్టి పోయినంక నువ్వు పసుపు ముట్టొచ్చునా? అందుకే గింత అరిష్టం!"

"పోశెట్టి పోయిండన్నా. రేకులు పోలే," అన్నాను. "ఆయన చేసిన పని నేను చేస్తున్న. ఆయన మొక్కిన వస్తువుకు నేను మొక్కిన. తుడుసుడు తప్పయింది, మొక్కుడు కాదు."

ఖాజా మియా తాళాల గుత్తి తిప్పుతూ, "రాజలింగం, తప్పు సున్నానిది భాయ్. పాన్ తినేటోన్ని నన్నడుగు, నా నోరు రోజూ ఎర్ర రేకే," అన్నాడు. సార్ కూడా నవ్వాడు.

తర్వాత రిజిస్టరు ముందు పెట్టుకుని కలం ఆపాడు. నన్ను చూసి గొంతు తగ్గించాడు. "లచ్చవ్వా, సున్నం కొట్టిన మేస్త్రీ తప్పని రాస్త. వాడు రోజుకూలీ, పండుగైనంక ఎట్లాగు రాడు. నీ పేరు రాకుండ ఉంటది."

నాకు ఆశ పుట్టలేదని అనను. ఖాజా మియా అడ్డం వచ్చాడు. "సార్, మేస్త్రీ ఎర్ర సున్నం కొట్టిండని రాస్తే రేపు ఎర్రది ఎగిరిన్నాడు అందరు ఏమంటరు? ఎవ్వడో సున్నం కొట్టిండులే అంటరు. నేను గంట కొట్టినా ఎవ్వరు ఇనరు."

"ఆయన తెల్లగనే కొట్టిండు సార్," అన్నాను. "ఎర్రగ చేసింది నేను. అట్లనే రాయిండ్రి."

సార్ రాశాడు. ఎవరు ఎక్కించారు: తలాషీ లచ్చవ్వ, తెలియక. ఏం చూసి: ఏమీ చూడలేదు. ఏం తేలింది: సున్నం మీద పసుపు. చదివి వినిపించాడు. కింద నేను నా పేరు రాశాను. మూడు అక్షరాలు రాయడానికి ఎప్పుడూ అంత సేపు పట్టలేదు.

ఎర్ర రేకు దిగితే నేరుగా తెలుపు రాదు, ఒక గంట పచ్చ ఉండాలి. పచ్చ ఉంటే అందరికీ తలాషీ. కానీ నా గది రెండు గేట్ల నడుమ ఉంది కాబట్టి బిడ్డను అత్తతో సహా గదిలోకి తెప్పించాను. బిడ్డ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి నిద్రపోయింది, అంతే. సాయవ్వ పరుగున వచ్చి చేతులు చాపి నా ముందు నిలబడింది. "చెయ్యి వదినా తలాషీ, నా దగ్గర పాలు తప్ప ఏం లెవ్వు," అంది. రూలు ప్రకారం చేశాను. తర్వాత ఆమె బల్ల మీద కూర్చుని పాలిస్తుంటే, తలుపు దగ్గర ఒక్కొక్కరి కొప్పూ కొంగూ చూసి పంపాను. ఒకామె పోతూ పోతూ, "లచ్చవ్వ పెట్టిన పసుపుకు గోదామే పేరంటానికి కూసున్నది," అని దెప్పింది. ఇంకొకామె తన సద్దిగిన్నె తెరిచి సత్తుపిండి ముద్ద ఒకటి నా చేతిలో పెట్టింది. ఒంటిగంటకల్లా అందరూ బతుకమ్మలు పేర్చుకోవడానికి వెళ్లిపోయారు.

పండుగ తర్వాత ఆఫీసర్ వచ్చి రిజిస్టరు చదివాడు. నాకు ఒక మెమో ఇచ్చాడు, నా పర్మనెంటు ఒక ఏడాది వెనక్కి జరిగింది. నేను అడగలేదు, ఆయన తగ్గించలేదు. కానీ మెమో ఇచ్చిన చేత్తోనే నన్ను కూర్చోబెట్టి, మళ్లీ ఇట్లా కాకుండా ఉండాలంటే ఏం చేయాలని అడిగాడు. రంగు ఒక్కదాన్నే నమ్మితే ఎండ, దుమ్ము, సున్నం అన్నీ మోసం చేస్తాయని చెప్పాను. తెల్లది గుండ్రంగా, పచ్చది మూడు మూలలుగా, ఎర్రది నాలుగు మూలలుగా కోయించండి, వెనక నుంచి ఎండ పడినా ఆకారం తెలుస్తుంది అన్నాను. ఆయన అట్లాగే కోయించాడు. దానికి తనదొకటి కలిపాడు. మా ఒక్కొక్కరికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఉండేది. రేకు ఎవరు ఎక్కించినా తన బిళ్ల తాడు మేకుకు తగిలించాలి. బిళ్ల లేని రేకు కనిపిస్తే తాళం వేయాలి గానీ, జమాదారు వెంటనే పోయి రేకును దగ్గరి నుంచి చూడాలి, దించి అయినా సరే.

ఆ గేటు మీద నేను ఇంకా తొమ్మిదేళ్లు చేశాను. ఎర్ర రేకు మూడుసార్లు ఎగిరింది, ఒకసారి నిజంగానే గోనె షెడ్డు వెనక నిప్పు. గంట మోగగానే ఎవరూ వెనకాడలేదు. కావలి కొలువులో నాకు తెలిసింది ఒకటే. అపాయం అని చెప్పడానికి తాడు లాగే చెయ్యి ఒకటి చాలు. అపాయం లేదు అని చెప్పాలంటే, ఎందుకు లేదో తెలిసిన మనిషి తన పేరుతో ముందుకు రావాలి. ఆ మనిషి రాకపోతే ఎంత మంచి రూలైనా జనాన్ని లోపలే ఉంచుతుంది.

పసుపు పెట్టడం నేను మానలేదు. ఏటేటా పెట్టాను, పగటిపూట, అందరూ చూస్తుండగా. రేకులకు కాదు, తాడు కట్టే మేకుకు.